మసి అంటని బోల్టు

ఖుర్షిదా కుర్చీలో కూర్చోలేదు. చేతికున్న గ్రీజు ఎక్కడ అంటుకుంటుందోనని కొంగులో చేతులు చుట్టుకుని నిలబడింది. గుంటూరు అరండల్‌పేటలో ఆ చిన్న ఆఫీసుకి ఏడుస్తూ వచ్చినవాళ్ళని శ్రీరామ్ చాలామందిని చూశాడు. ఈవిడ ఏడవడం లేదు. మొహం మాత్రం రోజుల తరబడి నిద్ర లేనట్టుంది.

"మేడమ్, నేను తప్పు చేశానో లేదో మీరు తేల్చాలి. చేసి ఉంటే నా షెడ్డు నేనే మూసేసుకుంటా," అంది.

బల్లకి అవతల కూర్చున్న శ్రీదుర్గ కళ్ళజోడు పైకి జరుపుకుంది. పద్దెనిమిదేళ్ళు వాహనాల ఇన్సూరెన్సు సర్వేయరుగా తిరిగి, విసిగి, సొంతంగా డిటెక్టివ్ ఆఫీసు పెట్టుకున్న మనిషి. ఈ ఊళ్ళో నుజ్జయిన బంపరు చూసి మందు తాగి నడిపాడో, ఫోన్ మాట్లాడుతూ నడిపాడో చెప్పగలదని అంటారు. నాలుగేళ్ళుగా ఆవిడ దగ్గర అసిస్టెంటుగా ఉన్న శ్రీరామ్ అయితే అంతకంటే ఎక్కువే చెప్తాడు.

"నన్ను కాపాడండి అని అడుగుతారు అందరూ. నువ్వు తేల్చమంటున్నావు. కూర్చో ముందు. కుర్చీ తుడుచుకుంటే పోతుంది," అంది శ్రీదుర్గ.

ఖుర్షిదా చెప్పింది. నల్లపాడు రైల్వే గేటు దగ్గర వాళ్ళ నాన్న పెట్టిన మెకానిక్ షెడ్డు. ఆయన పోయాక ఆరేళ్ళుగా తనే నడుపుతోంది. పక్క ఊళ్ళో రామమూర్తి మాస్టారని రిటైరైన హెడ్‌మాస్టరు. ఆయనకో పాతికేళ్ళ నాటి పెట్రోలు కారు. సైలెన్సర్ తుప్పుపట్టి చిల్లులు పడితే కిందటి సోమవారం కొత్తది వేసింది. అతుకు మధ్య పొగ కారకుండా వేసే గాస్కెట్ కూడా కొత్తదే. కారు చప్పుడు లేకుండా ఇంటికి వెళ్ళింది.

శనివారం పొద్దున మాస్టారు అదే కారులో గుంటూరు బయల్దేరారు. కాలవ మలుపులో కారు వెనకనుంచి ఢాం ఢాం అని పేలింది. పక్కనే, కాస్త వెనగ్గా, మిరపకోతకి వెళ్ళే కూలీల ఆటో. ఆటోవాడు తన టైరే పేలిందనుకుని కస్సున బ్రేకు వేశాడు. అంచున కూర్చున్న గురవమ్మ రోడ్డు మీద పడింది. కాలు విరిగింది.

"ఆడది వేసిన సైలెన్సర్ అంతే ఉంటుంది అని మాస్టారు అందరి ముందూ అన్నారు మేడమ్. కింద నట్లు వదులుగా ఉన్నాయని చేత్తో తిప్పి మరీ చూపించారు. షెడ్డు స్థలం హుస్సేన్ సాహెబ్‌ది. ఆయన ఈ సాయంత్రంలోగా ఖాళీ చెయ్యమన్నాడు. నట్లు బిగించినట్టే గుర్తు నాకు. కానీ అంత పెద్దాయన అబద్ధం ఎందుకు చెప్తాడు? నేనే మర్చిపోయానేమో అని ఆరు రోజులుగా తల బద్దలుకొట్టుకుంటున్నా."

చేసిన పని మీద తనకే అనుమానం వచ్చేదాకా మనిషిని తరిమారంటే ఎన్ని మాటలు అని ఉంటారు! శ్రీరామ్ నోట్‌బుక్‌లో పెన్ను గట్టిగా నొక్కేసరికి కాగితం చిరిగింది.

"ఆ పేలడం యాక్సిలరేటర్ తొక్కినప్పుడా, వదిలినప్పుడా?" అడిగింది శ్రీదుర్గ.

"వదిలినప్పుడేనంట. మలుపు కదా."

"తర్వాత నువ్వు కారుని ముట్టుకున్నావా?"

"దగ్గరికే రానివ్వలేదు మేడమ్."

శ్రీదుర్గ బ్యాగు భుజాన వేసుకుంది. "మంచిది. అయితే ముందు కాలు విరిగినావిడ దగ్గరికి వెళ్దాం. ఆవిడని ఎవరూ ఏమీ అడిగి ఉండరు."

నిజంగానే ఎవరూ అడగలేదు. గురవమ్మ రేకుల ఇంటి ముందు మంచం మీద కట్టుకట్టిన కాలు చాపుకుని కూర్చుంది. అరవై ఏళ్ళు ఉంటాయి. మనిషి కోపంగా ఉంది.

"మూడుసార్లు పేలిందమ్మా. నల్లటి పొగ మా మొహాల మీద కొట్టింది. నేను కింద పడి అరుస్తుంటే ఆ మాస్టారు దిగాడు. దిగి నా దగ్గరికి వస్తాడనుకున్నా. రాలా. కారు ముందు మూత ఎత్తుకుని అందులో తల దూర్చాడు. తుమ్ముకుంటూ బయటికొచ్చి, ఆసుపత్రికి తీసుకుపొండి అని ఆటోవాడికి చెప్పి, కారు తిప్పుకుని ఇంటికెళ్ళిపోయాడు."

"ముందు మూతేనా? వెనక వంగి చూడలేదా?"

"నేను రోడ్డు మీదే పడి ఉన్నాగా. ఆయన వెనక్కి వస్తే నాకే ఎదురుపడేవాడు."

శ్రీదుర్గ ఆవిడ చేతి మీద చెయ్యి వేసి లేచింది. బయటికొచ్చాక శ్రీరామ్ ఆగలేకపోయాడు. "మనిషి పడిపోతే బానెట్ ఎత్తి చూసుకున్నాడంటే ఆయన్నేమనాలి మేడమ్?"

"అనడానికి సాయంత్రం దాకా టైముంది. చప్పుడు వెనకనుంచి వచ్చింది కదా, ఆయన ముందు ఎందుకు చూశాడో అది ఆలోచించు."

రామమూర్తి మాస్టారు వాళ్ళని ఆదరంగానే లోపలికి పిలిచాడు. తెల్ల పంచె, తెల్ల చొక్కా. గోడ నిండా సన్మాన పత్రాలు. హుస్సేన్ సాహెబ్ తరఫున కారు చూడ్డానికి వస్తున్నామని శ్రీదుర్గ ముందే ఆయనకి ఫోన్ చేసింది. అందుకు ఆ సాహెబ్‌నీ ఒప్పించింది. మాస్టారికి అభ్యంతరం లేదు. సాక్ష్యం పకడ్బందీగా ఉందని ఆయన ధీమా.

"ముప్పై నాలుగేళ్ళు పిల్లలకి నిజం చెప్పడం నేర్పిన నోరండీ ఇది. ఆ అమ్మాయి మీద నాకు కోపం లేదు. చేతకాని పని నెత్తిన వేసుకోవడం మీదే కోపం," అన్నాడు.

"మలుపులో పేలాక ఇంటికి ఎలా వచ్చారు మాస్టారూ?"

"దారంతా పేలుతూనే వచ్చింది. మెల్లగా తెచ్చాను."

"మళ్ళీ స్టార్ట్ చేశారా?"

"తాళం కూడా ముట్టుకోలేదు. సాక్ష్యం కదా."

అప్పుడే గేటు బయట చెవులు పగిలేలా మోటార్ సైకిల్ ఆగింది. దిగినవాడు సాయికౌశిక్, మాస్టారి తమ్ముడి కొడుకు. పోటీ పరీక్షలకి చదువుతూ ఇక్కడే ఉంటున్నాడు. బండి సైలెన్సర్ మార్పించి ఊరందరికీ వినపడేలా తిరగడం అతని సరదా. శ్రీరామ్ కళ్ళు మెరిశాయి. చప్పుడు సరదా ఉన్నవాడు పెదనాన్న కారుని మాత్రం ఊరికే వదులుతాడా?

"కారుకి కూడా ఏమన్నా చేయించావా బాబూ?" నేరుగా అడిగేశాడు.

సాయికౌశిక్ నవ్వాడు. "దానికి చేయిస్తే పెదనాన్న నన్ను ఇంట్లో ఉండనిస్తాడాండీ? శనివారం ఆయన తిరిగొచ్చేటప్పటికి నేను గేటు దగ్గరే ఉన్నా. బండి మామూలుగానే వచ్చింది. అంత గొడవ జరిగిందని ఆటోవాళ్ళు చెప్తేగానీ తెలీలేదు."

మాస్టారు గొంతు సవరించుకున్నాడు. "వీడి చెవులు ఆ మోటార్ సైకిల్‌కి ఎప్పుడో పోయాయి లెండి."

కారు వసారాలో ఉంది. సగం వసారా పత్తి కుక్కిన పెద్ద గోనె బోరేలతో నిండిపోయింది. రేటు కోసం ఆపిన పత్తి. అక్కడక్కడా బోరేలు కొరికి దూది బయటికి లాగిన గుర్తులు. ఒక్కో బోరే మూలకీ చిన్న ఎర్రగుడ్డ మూట కట్టి ఉంది.

మజ్జిగ గ్లాసులు తెచ్చిన మాస్టారి భార్య కోటేశ్వరమ్మ, శ్రీరామ్ చూపు గమనించి, "ఎలకలకి బాబూ. తాలు కాయలు దంచి మూట కడితే ఆ ఘాటుకి దగ్గరికి రావు. మా వైపు అందరిళ్ళలోనూ ఇంతే," అంది. మచ్చపడి అమ్మకానికి పనికిరాని మిరపకాయల్ని తాలు కాయలంటారు. సీజన్లో గంపలకొద్దీ మిగులుతాయి.

"కారులో కూడా పెడతారా పిన్నిగారూ?" అంది శ్రీదుర్గ గ్లాసు అందుకుంటూ.

కోటేశ్వరమ్మ నోరు తెరిచింది. జవాబు మాత్రం మాస్టారి నోట్లోంచి వచ్చింది. "కారులో ఎలకలేమిటండీ? నువ్వు లోపలికి వెళ్ళు కోటేశ్వరీ."

ఆవిడ వెళ్ళిపోయింది. శ్రీదుర్గ మజ్జిగ తాగేసి, చీర చెంగు నడుముకి దోపుకుని, చాప పరుచుకుని కారు కిందకి దూరింది. కాసేపటికి శ్రీరామ్‌ని కూడా పిలిచి టార్చి వేయించింది. ఇంజను గొట్టానికీ సైలెన్సర్ గొట్టానికీ అతుకు దగ్గర రెండు నట్లు వేలితో తిప్పితే తిరుగుతున్నాయి. మాస్టారు చెప్పింది నిజమే. శ్రీరామ్ మొహం ముడుచుకున్నాడు.

"మొహం అలా పెట్టకు. ఏం కనపడుతోందో చెప్పు," గొణిగింది శ్రీదుర్గ.

"నట్లు వదులుగా ఉన్నాయి. అంచులు చెక్కినట్టు అరిగాయి. గాస్కెట్ తళతళలాడుతోంది."

"ఫోటోలు తియ్యి. దగ్గరగా."

తర్వాత బానెట్ ఎత్తించింది. ఒక వైరుకి కొత్త నల్ల టేపు చుట్టి ఉంది. నాలుగు స్పార్క్ ప్లగ్గులూ విప్పి వరసగా పెట్టింది. నాలుగూ నల్లగా, పొడిపొడిగా మసిపట్టి ఉన్నాయి. ఆ పైన ఇంజనుకి గాలి వడపోసే గుండ్రటి డబ్బా మూత తీసింది. శ్రీరామ్ వంగి చూశాడు. వెంటనే తుమ్మాడు. ఆగకుండా ఆరుసార్లు తుమ్మాడు. కళ్ళ నీళ్ళు తుడుచుకుని చూసేసరికి శ్రీదుర్గ పట్టకారుతో ఆ డబ్బా గాలి పీల్చే మూతిలోంచి పసుపుపచ్చని గింజలు మూడు తీసి కవరులో వేస్తోంది. దూది పోగు కూడా ఒకటి వచ్చింది.

"మాస్టారూ, ఇంట్లో పానాలేమైనా ఉంటే ఒకసారి ఇస్తారా? ప్లగ్గులు బిగించాలి."

ఆయన తెచ్చి ఇచ్చింది ఒకే ఒక్క స్క్రూ స్పానర్. ఏ సైజు నట్టుకైనా నోరు సర్దుకునే రకం. శ్రీదుర్గ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి తిరిగి ఇచ్చేసింది. తన బ్యాగులోని పానాతోనే ప్లగ్గులు బిగించింది.

"మీ మాట తేల్చేద్దాం మాస్టారూ. సాయంత్రం అయిదింటికి కారు ఖుర్షిదా షెడ్డుకి తీసుకురండి. కింద నట్లు అలాగే ఉండనివ్వండి. హుస్సేన్ సాహెబ్‌కీ అందరికీ చూపిద్దాం. పిన్నిగారిని కూడా తీసుకురండి."

"ఆవిడెందుకు?"

"సన్మానాలకి తీసుకెళ్తారుగా."

అయిదింటికి షెడ్డు ముందు జనం పోగయ్యారు. హుస్సేన్ సాహెబ్ తెల్ల గడ్డం సవరించుకుంటూ బెంచీ మీద కూర్చున్నాడు. గురవమ్మని అదే ఆటోలో తీసుకొచ్చి కుర్చీలో కూర్చోబెట్టారు. ఖుర్షిదా తలుపు దగ్గర నిలబడి ఉంది. సామాను సగం పెట్టెల్లో సర్ది ఉంది.

సాయికౌశిక్ నడుపుతుంటే కారు బర్రున అరుచుకుంటూ వచ్చి ఆగింది. వెనక సీట్లోంచి మాస్టారూ కోటేశ్వరమ్మా దిగారు.

"మూడు కిలోమీటర్లు నడిపావు. మలుపు కూడా తిరిగావు. ఎన్నిసార్లు పేలింది?" అడిగింది శ్రీదుర్గ.

సాయికౌశిక్ తల గోక్కున్నాడు. "చప్పుడు ఎక్కువగా ఉందండీ. పేలడం మాత్రం ఒక్కసారి కూడా లేదు."

"నట్లు వదులుగా ఉంటేనే పేలింది అన్నారు కదా మాస్టారూ. ఇప్పుడూ వదులుగానే ఉన్నాయి. మరి ఇవాళ ఎందుకు పేలలేదు?"

"ఇంజను ఒక్కోసారి ఒక్కోలా ఉంటుంది," అన్నాడు మాస్టారు.

"ఇంజను మనిషి కాదండీ, పూటకో మాట మార్చడానికి." శ్రీదుర్గ ఫోన్ హుస్సేన్ సాహెబ్ చేతికిచ్చింది. "ఇది పొద్దున తీసిన ఫోటో సాహెబ్ గారూ. ఆ అతుకు వదులుగా ఉండగా ఇంజను నడిస్తే సందులోంచి పొగ చిమ్ముతుంది. గాస్కెట్టూ, బోల్టూ, చుట్టుపక్కలా నల్లగా అయిపోవాలి. పొద్దున ఎక్కడా చిటికెడు మసి లేదు. కావాలంటే ఇప్పుడు చూడండి, మూడు కిలోమీటర్లకే ఎలా అయిందో."

హుస్సేన్ సాహెబ్ వంగి చూడలేక సాయికౌశిక్‌ని చూడమన్నాడు. అతను కిందకి తొంగిచూసి, "బొగ్గులా ఉంది," అన్నాడు.

"అంటే శనివారం ఆ అతుకు బిగుతుగానే ఉంది. ఇంటికొచ్చి ఇంజను ఆపేశాక ఎవరో నట్లు వదులు చేశారు. ఆ ఎవరో ఎవరా అని నట్టు అంచులు చూశాను. చెక్కుకుపోయి ఉన్నాయి. ఖుర్షిదా రింగు పానా వాడుతుంది, అది నట్టు చుట్టూ పట్టుకుంటుంది, అంచు అరగదు. స్క్రూ స్పానర్ జారినప్పుడే అలా చెక్కుకుపోతుంది. ఆ కారు ఉన్న ఇంట్లో ఉన్న పానా అదొక్కటే."

జనంలో గుసగుసలు మొదలయ్యాయి. మాస్టారి మొహం ఎర్రబడింది. "నన్ను దొంగని చేస్తున్నారా? మరి శనివారం పేలింది అబద్ధమా? ఈవిడ కాలు విరిగింది అబద్ధమా?"

"పేలింది నిజం. ఎందుకు పేలిందో చెప్తాను. పొయ్యికి గాలి అందకపోతే ఏమవుతుంది? మంట సరిగ్గా మండదు, నల్లపొగ కమ్ముతుంది, గిన్నె అడుగు మసిబారుతుంది. ఇంజనూ అంతే. గాలి పోయే దారికి ఏదో అడ్డుపడింది. పెట్రోలు పూర్తిగా కాలలేదు. ప్లగ్గులు నాలుగూ మసిపట్టి, నిప్పురవ్వ ఒకసారి వచ్చి ఒకసారి మానేసింది. కాలకుండా మిగిలిన పెట్రోలూ గాలీ కలిసి వేడి సైలెన్సర్లోకి పోయి అక్కడ భగ్గుమన్నాయి. ఆ నల్లపొగే గురవమ్మగారి మొహం మీద కొట్టింది. గాలి డబ్బా మూతిలో నాకు మిరపగింజలు దొరికాయి. మా శ్రీరామ్ ఆరు తుమ్ములు తుమ్మాడు. శనివారం రోడ్డు మీద మాస్టారు కూడా తుమ్మారట."

శ్రీదుర్గ బ్యాగులోంచి చిన్న ఎర్రగుడ్డ మూట ఒకటి తీసింది. పొద్దున వసారాలో ఒక బోరే నుంచి విప్పుకున్నదే. దాన్ని మాస్టారికి ఇవ్వలేదు. కోటేశ్వరమ్మ ముందు చాపింది.

"దీన్ని కారులో ఎక్కడ పెట్టారో నేను ఊహించగలను పిన్నిగారూ. ఊహ మీద ఒకరి బతుకు తేల్చకూడదు. మీరు చెప్తేనే తేలుతుంది."

కోటేశ్వరమ్మ ఆ మూట అందుకుంది. భర్త "కోటేశ్వరీ" అన్నాడు మెల్లగా. ఆవిడ వినపడనట్టే కారు దగ్గరికి నడిచింది. సాయికౌశిక్ బానెట్ ఎత్తాడు. ఆవిడ చెయ్యి తడుముకోకుండా నేరుగా గాలి డబ్బా మూతి దగ్గరికి వెళ్ళి, మూటని లోపలికి తోసింది.

"అందులోంచి దూది బయటికి కనపడింది. ఎలక గూడు పెట్టిందనుకున్నా. వైరు కూడా కొరికింది, ఈయనే టేపు వేశాడు. గురువారం నేనే పెట్టా. అది ఇంజను గాలి పీల్చే ముక్కు అని నాకు తెలీదు," అంది.

ఖుర్షిదా కారు కిందకి దూరి రింగు పానాతో రెండు నట్లూ బిగించింది. సాయికౌశిక్ ఇంజను స్టార్ట్ చేసి గట్టిగా తొక్కి పట్టుకున్నాడు. అయిదు నిమిషాలకి ఇంజను కుంటడం మొదలుపెట్టింది. కాలు తీయగానే వెనక నుంచి నల్లపొగ కక్కి ఢాం అంది. గురవమ్మ కుర్చీలోనే ఉలిక్కిపడింది. మూట తీసేసి, ప్లగ్గులు తుడిచి బిగించాక ఎన్నిసార్లు తొక్కి వదిలినా కారు కిక్కురుమనలేదు.

"పొరపాటున పెట్టింది పిన్నిగారు. అది నేరం కాదు. రోడ్డు మీదే మూట తీసి జేబులో వేసుకున్నది మాస్టారు. అప్పటికే ఆయనకి అంతా తెలుసు. ఇంటికెళ్ళి, నట్లు వదులు చేసి, ఊరిని పిలిచి చూపించింది కూడా ఆయనే," అంది శ్రీదుర్గ.

"నన్ను నోరు మూసుకోమన్నాడు. చెప్తే పోలీసులు నన్ను పట్టుకెళ్తారన్నాడు. ఈ పిల్లయితే ఎటూ మెకానిక్కే, నాలుగు రోజులు తిడతారు, మర్చిపోతారు అన్నాడు. ఆరు రోజులుగా నాకు అన్నం సయించట్లేదు," అంది కోటేశ్వరమ్మ. భర్త వంక చూడలేదు.

హుస్సేన్ సాహెబ్ లేచి ఖుర్షిదా ముందుకొచ్చాడు. "తప్పు నాది కూడా అమ్మాయ్. మీ నాన్నని ఇరవై ఏళ్ళు చూశాను. నిన్ను ఒక్క మాట అడగకుండా ఆయన మాట విన్నాను. షెడ్డు నీదే. ఆ పెట్టెలు విప్పు," అన్నాడు.

ఖుర్షిదా తల ఊపింది. పెట్టెల వైపు మాత్రం వెళ్ళలేదు. మాస్టారి ఎదురుగా నిలబడింది.

ఆయన గొంతు తగ్గించాడు. "పొరపాటు జరిగింది అమ్మా. గురవమ్మ వైద్యం నేను చూసుకుంటాను. ఈ సంగతి ఇక్కడితో, ఈ షెడ్డులోనే వదిలేద్దాం. ముప్పై నాలుగేళ్ళుగా సంపాదించుకున్న పేరు..."

శ్రీరామ్ నోటిదాకా వచ్చిన మాటని శ్రీదుర్గ కంటిచూపుతో ఆపింది. మాట్లాడాల్సింది అతను కాదు.

"నా పేరు పోయి ఆరు రోజులైంది మాస్టారూ. దాన్ని మీరు షెడ్డులో తీయలేదు. ఊరందరి ముందు తీశారు. నేనే నట్లు బిగించలేదేమో అని రోజూ నన్ను నేను తిట్టుకున్నా. మా నాన్న నేర్పిన పని మీద నాకే నమ్మకం పోయింది. అది ఎక్కడ తీశారో అక్కడే ఇవ్వండి," అంది ఖుర్షిదా.

"నా కాలు కూడా రోడ్డు మీదే విరిగింది," అంది గురవమ్మ కుర్చీలోంచి.

రైల్వే గేటు పడింది. మిరపకోత నుంచి తిరిగొచ్చే కూలీల ఆటోలు ఒకదాని వెనక ఒకటి షెడ్డు ముందు ఆగాయి. లోపలి ఆడవాళ్ళు గురవమ్మని చూసి పలకరించారు, మాస్టారిని చూసి మాట ఆపారు. కోటేశ్వరమ్మ భర్త భుజం మీద చెయ్యి వేసి రోడ్డు వైపు ఒక్క తోపు తోసింది.

ఆయన వెళ్ళి ఆటోల ముందు నిలబడ్డాడు. కళ్ళు కిందకి దించుకుని ఏదో అన్నాడు. మొదటి ఆటోలోవాళ్ళకి కూడా అందలేదు.

"వినపడలేదు మాస్టారూ. మళ్ళీ చెప్పండి," అంది గురవమ్మ.

రామమూర్తి మాస్టారు తలెత్తి, మొదటి నుంచి మళ్ళీ చెప్పాడు.